ఆర్ ప్యాకేజీ లోపాలు: కారణం చివరి పంక్తిలో ఉండదు

నేలల పటాల తయారీకి ఉపకరించే ఎస్‌ఎఫ్ ప్యాకేజీని లినక్స్‌లో సోర్స్ కోడ్ నుండి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆర్ సాఫ్ట్‌వేర్ తరచు మధ్యలో ఆగిపోతుంది. తెరపై చివరగా కనిపించే సందేశం వైఫల్యాన్ని తెలుపుతుందే గాని కారణాన్ని చెప్పదు. పై పంక్తులు చదివితే జీడాల్-కాన్ఫిగ్ దొరకలేదన్న మాట కనిపిస్తుంది. అసలు లోపం అదే. జీడాల్, జియోస్, ప్రోజ్ లైబ్రరీలు ఆర్‌కు వెలుపలివి. వాటి డెవలప్‌మెంట్ ఫైళ్లను ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేర్చనిదే ప్యాకేజీని పదిసార్లు ఎక్కించినా ఫలితం శూన్యం. విండోస్‌లో సిద్ధంగా కంపైల్ చేసిన ప్యాకేజీ లభిస్తుంది కనుక ఈ చిక్కు అరుదు.

ఇన్‌స్టాలేషన్ ముగిశాక లోడ్ చేసేటప్పుడు వచ్చే లోపం వేరు. లేదని చూపిన పేరు ఒక్కొక్కప్పుడు అడిగిన ప్యాకేజీది కాదు, అది ఆధారపడిన మరొకదానిది. ఆ పేరునే గమనించాలి. ప్యాకేజీ మరో ఆర్ వెర్షన్‌లో తయారైందన్న సందేశం హెచ్చరిక మాత్రమే. దానికి వెరచి పరిశోధన నడుమ ఆర్ వెర్షన్‌నే మార్చడం మరింత ప్రమాదకరం. 2020లో వెలువడిన ఆర్ 4.0.0, డేటా చదివేటప్పుడు అక్షరరూప వరుసలను వాటంతట అవే ఫ్యాక్టర్లుగా మార్చే పద్ధతిని విడిచిపెట్టింది. దానితో ట్రీట్‌మెంట్ల లెవెల్స్ అడిగే పాత ప్రోగ్రాములకు జవాబు రాకుండా పోయింది. సెషన్‌ఇన్ఫో ఆదేశమిచ్చే వెర్షన్ల జాబితాను థీసిస్ అనుబంధంలో చేర్చమని మార్గదర్శకులు కోరడం సమంజసం.