పసిప్రాణానికి పెట్టిన కోట

పుదుచ్చేరి శివారున గోరిమేడులో జిప్మర్ వైద్య విద్యాసంస్థ ఉన్నది. 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్య పాఠశాలకు అది వారసురాలు. అక్కడ చదివి 1970లో పట్టం పుచ్చుకున్న మధురం సంతోషం అనే వైద్యుడు, సప్తసముద్రాలకు ఆవల, అమెరికాలోని నవాహో ఆదివాసుల పసిబిడ్డలకు ఆప్తుడవుతాడని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

ఆ బిడ్డల పాలిటి శత్రువు ‘హిబ్’ అనే సూక్ష్మజీవి. మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరలకు ఇది వాపు తెస్తుంది. ఉదయం జ్వరంతో మూలిగిన బిడ్డ సాయంత్రానికి స్పృహ తప్పవచ్చు. బ్రతికి బయటపడినా కొందరికి చెవుడు, మూర్ఛ, బుద్ధిమాంద్యం జీవితాంతం వెంటాడుతాయి. నవాహో బిడ్డలలో ఈ వ్యాధి తక్కిన అమెరికాలోకన్న అనేక రెట్లు ఎక్కువ. అదీ నెలల ప్రాయంలోనే వచ్చిపడేది.

టీకా లేకపోలేదు. 1974లో ఫిన్లాండులో దాదాపు 98 వేలమంది పిల్లలపై నాటి టీకాను పరీక్షించారు. ఏడాదిన్నర దాటినవారిని అది కాపాడింది. అంతకన్న చిన్నవారికి కొరగాలేదు. సూక్ష్మజీవి ధరించే చక్కెర కవచాన్ని శిశువు శరీరం శత్రువుగా గుర్తించలేకపోవడమే అందుకు కారణం. ఆ కవచానికి ఒక మాంసకృత్తును జతచేస్తే శరీరం మేల్కొంటుందని శాస్త్రజ్ఞులు గ్రహించారు. నవాహో బిడ్డలకిచ్చిన టీకాలో ఆ మాంసకృత్తును మెదడు పొరల జ్వరం తెచ్చే మరొక సూక్ష్మజీవి నుంచే తీశారు. ముల్లును ముల్లుతోనే తీయడమంటే ఇదే!

కాని పసివారిపై పరీక్ష మాటలా? సంతోషం బృందం 5,190 మంది శిశువులను చీట్లు వేసినట్లు రెండు వర్గాలుగా విభజించింది. ఒక వర్గానికి టీకా, రెండవ వర్గానికి మందులేని సూది. రెండు నెలల వయస్సులో ఒకటి, నాలుగు నెలలకు మరొకటి. ఎవరికేది అందిందో తల్లికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. ఈ గోప్యత కఠినమని తోచవచ్చు. కాని తెలిస్తే ఆశ కన్నును మోసగిస్తుంది. ప్రతి జ్వరాన్నీ ఒక్క తీరున తూచలేము.

ఫలితాలు 1991లో వెలువడినాయి. ఏడాదిన్నర నిండేలోగా మందులేని వర్గంలో 22 మందికి హిబ్ వ్యాధి సోకగా, టీకా పొందిన వర్గంలో సోకినది ఒక్కరికే. అంటే రక్షణ నూటికి 95 పాళ్లు. టీకా వల్ల తీవ్రమైన కీడేదీ కనబడలేదు. మొదటి మోతాదుతోనే రక్షణ ఆరంభం కావడం మరో విశేషం. రెండవ సూదిదాకా ఆగని వ్యాధికి అటువంటి మందే కావాలి.

అంకెలు పొడిగా కనబడతాయి. కాని ఆ 22లో ప్రతి ఒక్కటీ ఒక ఊయల. బిడ్డను పరీక్షకు అప్పగించిన తల్లులు తమకు మేలు జరుగుతుందో లేదో తెలియకనే లోకానికి మేలు చేశారు. వారి ఋణం తీర్చుకోవడమెట్లా? నిగ్గు తేలిన టీకాను ప్రతి బిడ్డకూ అందించడమొక్కటే మార్గం.

మన దేశంలో ఆ పని ఆలస్యంగా మొదలైంది. ఇదే సూత్రంపై రూపొందిన హిబ్ టీకాను మరి నాలుగింటితో కలిపి ఒకే సూదిగా 2011 డిసెంబరులో తమిళనాడు, కేరళలలో ప్రభుత్వం ప్రవేశపెట్టింది; తర్వాత క్రమంగా దేశమంతటికీ విస్తరించింది. నేడు పుదుచ్చేరిలోనూ, ఆ ప్రాంతంలోనే భాగమైన మన యానాంలోనూ బిడ్డకు ఆరవ, పదవ, పధ్నాలుగవ వారాలలో ఉచితంగా వేస్తారు.

సూది పడగానే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు. తల్లి గుండె కలుక్కుమంటుంది. ఆ క్షణంలో ఆమె ఎరుగని ఎడారి సీమలోని వేలాది తల్లులు ఆమె ప్రక్కన నిలిచి ఉంటారు.