ఏడు వేల మెట్లు, తొమ్మిది వందల విత్తనాలు, ఒక తేనెటీగ

పప్పు కుక్కర్ మూడు కూతలు వేసేలోపు ఒక్క గుహ చూసొద్దామని కూర్చున్నాను. ఏడో కూత కూడా నాకు వినపడలేదు, మాడువాసన మాత్రం వచ్చింది. ఓపెన్ వరల్డ్ ఫాంటసీ గేమ్‌లు అలాంటివి. కత్తి, గుర్రం, మంత్రం, డ్రాగన్ ఉంటాయి. ఎటు పోవాలో చెప్పేవాడు ఉండడు, నడిచినంత మేరా దేశమే. కాశీమజిలీ కథలు వినడం కాదు, మణిసిద్ధుడి వెనకే మనమూ మూట నెత్తిన పెట్టుకుని నడిచినట్టు. ఆ దేశాల్లోని ఘనాపాఠీలను వరసగా చూద్దాం.

విస్తీర్ణంలో పేరుమోసింది 1996 నాటి ‘డాగర్‌ఫాల్’. లెక్కలు కట్టినవాళ్లు తేల్చింది సుమారు 1,61,600 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్ దాదాపు 1,62,970. అంటే ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఉన్నంత నేలను ఒకే ఒక్క సీడీలో చుట్టిపెట్టారన్నమాట! ఊళ్లు, కోటలు, నేలమాళిగలు కలిపి 15,000 పైచిలుకు. కిటుకేమిటంటే చేత్తో కట్టింది కొంచెమే, మిగతా అంతా సూత్రం ఇచ్చి కంప్యూటర్ చేత వేయించిందే. అందుకే పది ఊళ్లు తిరిగేసరికి పదకొండో ఊరు చూసినట్టే ఉంటుంది.

అదే ‘ఎల్డర్ స్క్రోల్స్’ వరుసలో 2011 నవంబరు 11న వచ్చిన ‘స్కైరిమ్’ విస్తీర్ణం సుమారు 37 చదరపు కిలోమీటర్లు. డాగర్‌ఫాల్‌లో ఇలాంటివి 4,300 పడతాయి. 2025 దాకా 650 చదరపు కిలోమీటర్లున్న హైదరాబాద్ మహానగరంలో స్కైరిమ్ పదిహేడో వంతు! కానీ అమ్మకాల్లో ఈ పిట్టే ఏనుగు. 2023 నాటికి 6 కోట్ల కాపీలు దాటింది. అన్నీ డీవీడీ డబ్బాలే అనుకుని ఒకదానిమీద ఒకటి పేర్చితే సుమారు 840 కిలోమీటర్ల ఎత్తు. ఇరవై మీటర్ల తాడిచెట్లయితే 42 వేలు నిలబెట్టాలి.

ఆ చిన్న నేలలో చదవడానికి దొరికే పుస్తకాలు మూడు వందల పైమాటే. దొంగల డెన్‌లో దూరి, కత్తులు దూసిన వాళ్లందరినీ పడగొట్టి, వాళ్ల అలమారలో పుస్తకం కనిపిస్తే అక్కడే నిలబడి చివరిదాకా చదివిన సందర్భాలు నాకున్నాయి. ఇంట్లో కొని పెట్టుకున్న పుస్తకాలు మాత్రం అట్ట తెరవలేదు.

బలంలో ఛాంపియన్ ఎవరు? డ్రాగన్ అంటారు. కాదు, తేనెటీగ! స్కైరిమ్ మొదలయ్యేదే ఎడ్లబండిలాంటి గుర్రబ్బండి మీద. చేతులు కట్టేసిన ఖైదీగా మనం కూర్చుని ఉంటాం. గేమ్ తయారవుతున్నప్పుడు ఆ బండి ఒక్కోసారి ఉన్నట్టుండి గింగిరాలు తిరుగుతూ ఆకాశంలోకి ఎగిరిపోయేదట. తయారీదారులు తలలు పట్టుకున్నారు. తీరా చూస్తే దారికి అడ్డంగా ఎగురుతున్న తేనెటీగ! దాన్ని ఆటగాళ్లు పట్టుకునేలా చేసిన ఒక మార్పువల్ల అది దేన్నయినా ఢీకొనగలిగే వస్తువైంది. కదిలించలేని వస్తువు కూడా అయింది. బండి తగిలిందా, ఈగ చెక్కు చెదరదు, బండే రాకెట్ అవుతుంది. ఆ గేమ్‌కు పనిచేసిన ఒక డెవలపర్ 2021లో ఈ ముచ్చట బయటపెట్టారు. గుర్రాలు, బండి, ఖైదీలు అంతా ఒకవైపు, గోరంత ఈగ ఒకవైపు. గెలుపు ఈగదే.

అబద్ధంలోనూ ఆ గేమ్‌దే రికార్డు. ప్రపంచపు నెత్తిమీద ఉన్న మఠానికి ఏడు వేల మెట్లని ఊరూవాడా చెప్తారు. ఓపిగ్గా లెక్కపెట్టినవాళ్లకు ఏడెనిమిది వందలే తేలాయి. పదో వంతు! మన అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, నిక్కచ్చిగా మోకాళ్లే లెక్క చెబుతాయి.

ఎత్తుకు ఎగరడంలో 2002 నాటి ‘మోరోవిండ్’ను కొట్టేది లేదు. మొదటి ఊరు దాటి నడుస్తుంటే పైనుంచి కేక వినపడుతుంది. తలెత్తేలోపు ఒక మంత్రగాడు ఆకాశంలోంచి ఊడిపడి, మన కాళ్ల దగ్గరే ప్రాణం విడుస్తాడు. పక్కన మూడు కాగితం చుట్టలు. ఒకటి తీసి చదివి దూకారో, సముద్రం, కొండలు, ఊళ్లు అన్నీ కిందికి జారిపోతాయి. మంత్రం పనిచేసేది ఏడే ఏడు సెకన్లు. దిగే వేళకు అది ఉండదు, దాంతో మీరూ ఉండరు. ఆంజనేయుడికి దూకడమే కాదు, దిగడమూ వచ్చు. ఈ మంత్రగాడు సగం పాఠమే చదువుకున్నాడు. నేల తాకబోయే ముందు రెండో చుట్ట చదివితే బతకొచ్చని మనకు రెండు మూడు చావుల తర్వాత వెలుగుతుంది.

వయసులో పెద్దది ‘పెడిట్ ఫైవ్’. 1975. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం, ప్లేటో అనే చదువుల కంప్యూటర్. ఇప్పుడు మిగిలిన కంప్యూటర్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో తొలితరం తాత ఇదే. ఆ పేరేమిటి, గుమాస్తా ఫైలులా? కావాలనే అలా పెట్టారు! పాఠాలకు కేటాయించిన చోట ఆట కనిపిస్తే అధికారులు చెరిపేస్తారు కనుక పాఠంలా వేషం వేయించారు. అయినా పట్టుకున్నారు, చెరిపారు, మళ్లీ పుట్టింది. ఎమెస్కో నవల మీద గణితం పుస్తకం అట్ట వేసుకున్న తరం వాళ్లకు ఈ టెక్నిక్ కొత్తేమీ కాదు.

బరువులో తేలికది: మొదటి ‘జెల్డా’ క్యాట్రిడ్జ్, 128 కిలోబైట్లు. ఫోన్‌లో తీసిన 3 ఎంబీ ఫొటో ఒక్కదానిలో ఇలాంటి రాజ్యాలు 24 సర్దొచ్చు. బరువైనది: 2023 నాటి ‘బాల్డర్స్ గేట్ 3’, అడిగే చోటు 150 జీబీ. దాదాపు 12 లక్షల రెట్లు! ఇది అసలు సిసలు ఓపెన్ వరల్డ్ కాదని వాదించేవాళ్లున్నారు. ఉండనివ్వండి. సినిమాలా నడిచే దృశ్యాలే అందులో 174 గంటలు, అంటే మూడు గంటల తెలుగు సినిమాలు 58. ముగింపులో రకాలు 17,000 అని తయారీదారులే చెప్పారు. మన సినిమాలకు ఒక్క ముగింపు కుదరడమే గగనం.

చవక బేరంలో పోలండ్ రచయిత ఆంద్రేయ్ సాప్కోవ్‌స్కీకి సాటి లేరు. తన ‘విచర్’ కథలను గేమ్ చేసుకునే హక్కును సుమారు తొమ్మిదిన్నర వేల డాలర్లకు ఇచ్చేశారు. లాభాల్లో వాటా ఇస్తామంటే వద్దు, రొక్కమే ఇమ్మన్నారు. 2015లో వచ్చిన ‘విచర్ 3’ ఒక్కటే 5 కోట్ల కాపీలు దాటింది. 2019లో కంపెనీతో కొత్త ఒప్పందం కుదిరింది లెండి.

ఇక వేగం. విచర్ 3 స్క్రిప్టు నాలుగున్నర లక్షల మాటలు. నిమిషానికి 150 చొప్పున చదివినా 50 గంటలు. అదే మోరోవిండ్‌ను నాలుగు నిమిషాల్లోపే ముగించిన మొనగాళ్లున్నారు. 2022 ఫిబ్రవరి 25న ‘ఎల్డెన్ రింగ్’ వస్తే, ఏప్రిల్‌కల్లా ఒకాయన దాన్ని ఏడు నిమిషాల్లోపు లాగేశాడు. తప్పుల సందుల్లోంచి దూరి వెళ్లడమే ఈ స్పీడ్‌రన్‌ల విద్య. నాబోటివాడికి అదే గేమ్‌లో మొదటి పెద్ద బాస్‌ను, అంటే దారికాసే మహాశత్రువును, దాటడానికి నాలుగు రాత్రులు పట్టింది.

నిదానంలో రికార్డు ‘ఫైనల్ ఫాంటసీ 11’ది. 2008లో ఒక జట్టు ఒక్క బాస్‌తో 18 గంటలు పోరాడింది. కొందరు వాంతులు చేసుకునే, సొమ్మసిల్లే స్థితికొచ్చారు. చివరికి జట్టే చేతులెత్తేసింది, బాస్ మాత్రం పడలేదు. ఆ తర్వాతే కంపెనీ వాడి బలం తగ్గించింది. విచిత్రం చూడండి, ఇల్లూ వాకిలీ, స్నేహితులూ, చదువూ ఉద్యోగం మరిచిపోవద్దని లోపలికి పోతున్న ప్రతివాడికీ తెరమీద హెచ్చరిక చూపించే గేమ్ కూడా ఇదే! సిగరెట్ పెట్టె మీద బొమ్మ చూసి ఎంతమంది మానేశారో ఇదీ అంతే.

ఒంటరి వీరుల్లో అగ్రతాంబూలం కుండ వీరుడికి. ఎల్డెన్ రింగ్‌లో మలేనియా అనే వీరనారి చేతిలో చావని ఆటగాడు అరుదు. దిక్కుతోచక సాయం కోసం పిలిస్తే ఒకడు ప్రత్యక్షమయ్యేవాడు. తలమీద మట్టికుండ, ఒంటిమీద గోచీ, చేతుల్లో రెండు కత్తులు, అంతే. ‘మీరు పక్కన నిలబడండి, నేను చూసుకుంటా’ అన్నట్టుండే పేరు. ఇలా పరాయివాళ్ల కోసం మలేనియాను వెయ్యిసార్లు ఓడించాడు. ముచ్చటపడి ప్రచురణ సంస్థ 2022లో అతనికి నిజం కత్తి ఒకటి పంపింది.

అమరుడి అల్పాయుష్షు: 1997 ఆగస్టు, ‘అల్టిమా ఆన్‌లైన్’ పరీక్షల దశ. గేమ్ సృష్టికర్త రిచర్డ్ గారియట్ స్వయంగా రాజు వేషంలో కోటమీద దర్శనమిచ్చారు. రాజుకు చావు రాని వరం ఉంది. సర్వర్ మళ్లీ మొదలెట్టాక ఆ వరం ఆన్ చేయడం మరిచారు. గుంపులోంచి ఒకడు దొంగిలించిన నిప్పు మంత్రం విసిరాడు. రాజుగారు బూడిద!

అంటువ్యాధిలో 2005 సెప్టెంబరు ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ను మించింది లేదు. హక్కర్ అనే సర్పదేవుడు తన గుడిలో మాత్రమే అంటించాల్సిన రక్తరోగం పెంపుడు జంతువుల వెంట పట్నాలకు చేరింది. బలహీనులు నిలుచున్నచోటే రాలిపోయారు, వీధుల నిండా ఎముకల గూళ్లు. వైద్యం చేస్తూ తిరిగినవాళ్లు కొందరు, కావాలని అంటించినవాళ్లు కొందరు, ఊరు విడిచి కొండలెక్కినవాళ్లు ఇంకొందరు. సర్వర్లు ఆపి మొదలెడితేగాని తగ్గలేదు. రెండేళ్లకు అంటువ్యాధుల శాస్త్రవేత్తలు దీన్ని లాన్సెట్ వారి పత్రికకు ఎక్కించారు. 2020లో మాస్కు కట్టుకుని కూర్చున్నప్పుడు ఆ పాత ఆటగాళ్లకు ఇవన్నీ చూసిన దృశ్యాలే అనిపించి ఉండాలి.

ఓర్పులో మేటి కూడా ఆ లోకంవాడే. పేరు డబుల్‌ఏజెంట్. ఆ గేమ్‌లో పాండా జాతి పాత్రలు మొదలుపెట్టేది ఒక మహా తాబేలు వీపు మీద, మన ఆదికూర్మం లాంటిది. పదీ పన్నెండు లెవెల్‌లయ్యాక రెండు వర్గాల్లో ఏదో ఒకటి ఎంచుకుని దిగిపోవాలి. ఇతను దిగలేదు. ఏ పక్షమూ వద్దన్నాడు. తాబేలు వీపు మీదే పూలు కోస్తూ, గనులు తవ్వుతూ లెవెల్ 90కి ఎక్కాడు.

దండగ బహుమతిలో ప్రథమం: ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’. రాళ్ల కింద, చెట్ల కొసన దాచిన విత్తనాలు 900. అన్నీ ఏరినవాడికి దక్కేది బంగారు రంగు పేడముద్ద లాంటి బొమ్మ. పనికిరాదు. పైగా వాసనొస్తుందని గేమే చెబుతుంది. అయినా ఏరేవాళ్లు ఏరుతూనే ఉన్నారు.

అతి చిన్న గదిలో అతి పెద్ద ఊరు: నార్వేలో కండరాల జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమైన యువకుడు. వార్‌క్రాఫ్ట్‌లో అతని పేరు ఇబెలిన్. అక్కడ పరుగెత్తేవాడు. 25 ఏళ్లకు, 2014లో పోయాడు. ఒంటరిగా బతికాడని అమ్మానాన్నల దిగులు. కబురు అతని బ్లాగులో పెడితే, ఎన్నడూ పేరు వినని మనుషుల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. అంత్యక్రియలకు వేరే దేశాల నుంచి దిగారు. 2024లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

వయసులో పెద్దలు: జపాన్ బామ్మ హమాకో మోరీ 1930లో పుట్టారు, 1981లో గేమ్‌లు మొదలెట్టారు, 90వ ఏట గిన్నిస్‌కెక్కారు. ఆమె ఆడినవాటిలో స్కైరిమ్ ఉంది. అమెరికా బామ్మ షర్లీ కర్రీది 1936 పుట్టుక. స్కైరిమ్ ఆడుతూ చూసేవాళ్లందరినీ మనవలని పిలిచేవారు. అభిమానులు అడగ్గా అడగ్గా స్కైరిమ్ తర్వాతి ‘ఎల్డర్ స్క్రోల్స్ 6’లో ఆమెను ఒక పాత్రగా పెడతామని కంపెనీ 2019లో మాటిచ్చింది. ఆ గేమ్ ప్రకటన 2018 జూన్‌లో, అర నిమిషం పైచిలుకు కొండల దృశ్యంతో వచ్చింది. ఎదురుచూపులో రికార్డు దానిదే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ కొండలు తప్ప ఇంకేమీ రాలేదు.