గొట్టం అడుగున అంకెలు చూశాకే బేరం

రాయ్‌పూర్‌లో ఎవరి దగ్గరైనా పాత జర్మన్ డబుల్ బ్యారెల్ తుపాకీ అమ్మకానికి ఉందంటే అందరూ ముందు అడిగేది కంపెనీ పేరు. నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. కలకత్తాలోని రోడా, మాంటన్ వంటి తుపాకీ దుకాణాల పేర్లు మన దేశంలోని పాత తుపాకుల మీద కనబడుతుంటాయి. అది అమ్మినవాడి పేరే తప్ప చేసినవాడిది కాకపోవచ్చు.

‘ఇది క్రుప్ తుపాకీ’ అని గొప్పగా చూపించేవాళ్లూ ఉంటారు. గొట్టం మీద ‘క్రుప్ ఎస్సెన్’ అని ఉండే మాట నిజమే. కానీ క్రుప్ ఇచ్చింది గొట్టానికి ఉక్కు. తుపాకీ చేసింది జర్మనీలోని జూల్ పట్టణంలో ఏ పనివాడో అయి ఉండొచ్చు. 1751 నాటి జావర్, 1898లో మొదలైన మెర్కెల్ కూడా ఆ ఊరివే.

అసలు జాతకం అడుగున ఉంటుంది. ముందుచెక్క తీసి, మీట నెట్టి గొట్టాలు విడదీస్తే తూటా కూర్చునే చోటి కింద చదునైన భాగం కనిపిస్తుంది. కిరీటం కింద యు ఉంటే తనిఖీ అయిందని, ఎస్ ఉంటే చిన్నగుండ్ల గొట్టమని, డబ్ల్యూ ఉంటే మూతి దగ్గర ఇరుకు చేసిందని అర్థం. ఈ ముద్రలు జర్మనీ 1891 చట్టానివి, 1893 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. కిరీటం బదులు గద్ద ఉంటే 1940 ఏప్రిల్ తర్వాతిది. ‘6 27’ లాంటి జంట అంకెలుంటే పరీక్ష జరిగింది 1927 జూన్‌లో.

వలయంలో 12 గానీ 16 గానీ ఉంటే అది బోరు. పౌండు సీసాన్ని, అంటే 453.6 గ్రాములను, 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కొక్కటి 37.8 గ్రాములు తూగుతుంది, అడ్డంగా 18.5 మిల్లీమీటర్లు ఉంటుంది. 16 చేస్తే 28.35 గ్రాములు, 16.8 మిల్లీమీటర్లు. జర్మన్ వేటగాళ్లకు 16 అంటే మక్కువ. మనకు మాత్రం 12కి దొరికినంత తేలిగ్గా దానికి తూటాలు దొరకవు. ‘13/1’ అని ఉంటే కంగారుపడొద్దు. అది 12కీ 13కీ మధ్య కొలత, దాదాపు 18.3 మిల్లీమీటర్లు.

కొనేవాడిని దెబ్బతీసేది తూటా కూర్చునే గది పొడవు. పాత జర్మన్ తుపాకులు చాలావాటిలో అది 65 మిల్లీమీటర్లు, ఇప్పటి తూటా 70. తూటా లోపలికి హాయిగా దూరిపోతుంది, చిక్కంతా పేల్చినప్పుడే. విచ్చుకున్న మూతికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. అందుకే గది కొలిపించకుండా, పొగలేని మందుతో పరీక్షించినట్టు తెలిపే ‘నైట్రో’ ముద్ర చూడకుండా ఆ మందు తూటా పెట్టకూడదు.

ఇక మన చట్టం. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. పురాతనమైనదనో తుప్పుపట్టిందనో లైసెన్సు అక్కర్లేదనుకుంటే పొరపాటు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయించేది మరమ్మతు చేసినా పేలని దాన్నే. లైసెన్సుదారు పోతే వారసుడు తన పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి, అది వచ్చేదాకా తుపాకీ పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో ఉండాలి. 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీది పేరు, నంబరు చెరపడం నేరం. గుర్తింపు ముద్ర ఏదీ లేని తుపాకీని అమ్మనూ కూడదు. తుప్పు వదిలించమని పాలిష్‌కి ఇచ్చేటప్పుడు ఆ చదును భాగం జోలికి పోవద్దని గట్టిగా చెప్పండి.