నీళ్ళు కాగడానికీ లెక్క ఉంది

కూతురు పురిటికి వచ్చింది. రోజూ తెల్లారేసరికి కాగులో నీళ్ళు కాగాలి. అత్త పొయ్యి ముందు కూర్చుంటుంది. కట్టెలు తెచ్చేది మాత్రం కోడలు. అడవికి పోయి మోపు తెచ్చేసరికి ఆమెకు పూట గడిచిపోతుంది.

"అత్తా, స్నానాలకే ఇన్ని కట్టెలా?" అని అడిగింది కోడలు.

"బాలింతకు వేణ్ణీళ్ళు వద్దా? కట్టెలకు లెక్కేంటమ్మా!" అంది అత్త.

లెక్క ఉంది. చూడండి.

వేడిని డిగ్రీల్లో కొలుస్తారు. మంచుగడ్డ 0 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడిని కిలో కేలరీ అంటారు. పేరు కొత్తదే గానీ లెక్క మామూలు గుణకారమే.

బకెట్టులో 20 లీటర్ల నీళ్ళు ఉన్నాయనుకోండి. చన్నీళ్ళు 25 డిగ్రీలు. స్నానానికి 40 డిగ్రీలు చాలు. పెరగాల్సింది 15 డిగ్రీలు.

20 × 15 = 300 కిలో కేలరీలు.

కిలో ఎండు కట్టెలు కాలితే సుమారు 3,500 కిలో కేలరీల వేడి వస్తుంది. ఆ లెక్కన నూరు గ్రాముల కట్టె చాలాలి. కానీ చాలదు! మూడు రాళ్ళ పొయ్యిలో పదింట ఒక వంతు వేడే నీళ్ళకు చేరుతుంది. మిగతాది గాలికీ, పొగకూ, రాళ్ళకూ పోతుంది. అందుకే బకెట్టుకు దాదాపు కిలో కట్టెలు పడతాయి. పచ్చి కట్టెలైతే ఇంకా ఎక్కువ.

కొన్ని నీళ్ళే మరగబెట్టి చన్నీళ్ళు కలిపితే కట్టెలు మిగులుతాయని కొందరంటారు. 4 లీటర్లు మరిగించి 16 లీటర్ల చన్నీళ్ళు కలిపితే 40 డిగ్రీలు వస్తుంది, నిజమే. కానీ ఆ 4 లీటర్లు 75 డిగ్రీలు పెరగాలి. 4 × 75 = 300. వేడి అంతే పట్టింది.

మరి కట్టెలు ఎక్కడ పోతున్నాయి? ఆవిరిలో. లీటరు చన్నీళ్ళు మరిగేదాకా పట్టేది 75 కిలో కేలరీలు. మరిగే ఆ లీటరు ఆవిరైపోవడానికి పట్టేది 540. ఏడు రెట్లు! అత్త కాగు మీద మూత లేదు. నీళ్ళు సలసలా మరుగుతున్నా మంట తగ్గించదు. కోడలు మోసుకొచ్చిన మోపులో సగానికి సగం ఇంటి కప్పు దాటిపోతోంది.

మర్నాడు కోడలు కాగు మీద మూత పెట్టింది. నీళ్ళు వేడెక్కగానే కట్టెలు వెనక్కి లాగింది. అత్త ఏమీ అనలేదు.

తాగే నీళ్ళ సంగతి మాత్రం వేరు. అవి బాగా మరగాలి. సలసలా మరిగాక ఒక్క నిమిషం ఉంచి దించితే చాలు.