ప్రయాణికుని మడత గ్లాసు

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోవు రహదారి సుమారు 200 కిలోమీటర్ల దూరము. బస్సు ఆగినచోట టీ అంగడి యుండును. అంగడి ప్రక్కను వాడి పారవేసిన కాగితపు కప్పుల కుప్ప యుండును. టీ త్రాగుటకు పట్టు కాలము ఐదు నిమిషములు; కప్పు మాత్రము చాలకాలము నేలమీద పడియుండును. దీనికి బదులుగా మడిచి సంచిలోనో జేబులోనో పెట్టుకొనదగిన గ్లాసులు నేడు బజారులో దొరకుచున్నవి. అవి ఎట్టివి? వానిలో దేనిని, ఏ కారణముచేత ఎన్నుకొనవలెను? నీటికి కరవైన మన సీమలో వాని ప్రయోజన మెంత? ఈ విషయములను విజ్ఞానశాస్త్ర దృష్టితో పరిశీలింతము.

కాగితపు కప్పు పుట్టుక

ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా దేశపు రైళ్ళలోను, పాఠశాలలలోను నీటి తొట్టెకు గొలుసుతో కట్టిన ఒకే లోటాతో అందరును నీరు త్రాగుచుండిరి. దానివలన రోగములు వ్యాపించునని గ్రహించి, కాన్సాస్ రాష్ట్ర ఆరోగ్యాధికారి డాక్టరు శామ్యూల్ క్రంబైన్ 1909లో ఇట్టి ఉమ్మడి లోటాలను నిషేధింపజేసెను. ఇంచుమించు అదే కాలమున, 1907 ప్రాంతమున, లారెన్స్ లూయెలెన్ అను నతడు కాగితపు కప్పును రూపొందించెను. అనగా నేడు చెత్తగా మారిన ఈ కప్పు మొదట ఆరోగ్యరక్షణకై పుట్టినది. ఒకదానిలో నొకటి దూరు లోహపు చట్రములుగల మడత గ్లాసులు అంతకు ముందే, 19వ శతాబ్దిలోనే, ప్రయాణికుల వాడుకలో నుండెను.

మన దేశమున గ్లాసునకు మరియొక చరిత్ర కలదు. పల్లెటూరి కాఫీ హోటళ్ళలో కొన్ని కులములవారికి వేరుగా గ్లాసులుంచు దురాచారము మన యెరుకలోనిదే. రాజ్యాంగము 17వ అధికరణముచేత అస్పృశ్యతను రద్దు చేసినది. 1955 నాటి చట్టము దానిని శిక్షార్హమైన నేరముగా చేసినది. కావున తన గ్లాసు తాను తెచ్చుకొనుట ఒకరి శుభ్రతకు సంబంధించిన స్వంత నిర్ణయము కావలెనే గాని, ఇతరులకు వేరు గ్లాసు నిర్ణయించుటకు సాకు కారాదు. ఈ మాటను ఉపాధ్యాయులు తరగతిలో తప్పక చెప్పవలెను.

కాగితము వెనుకనున్న ప్లాస్టిక్

ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, పళ్ళెములు మున్నగువానిని భారత ప్రభుత్వము 2022 జులై 1 నుండి నిషేధించినది. అయితే కాగితపు కప్పు కూడ పూర్తిగా కాగితము కాదు. ఒట్టి కాగితము వేడి ద్రవమును పీల్చుకొని మెత్తబడును. అందుచేత సాధారణముగా దాని లోపలి వైపున పాలిథీను వంటి ప్లాస్టిక్ పొరను పలుచగా అతుకుదురు. ఈ పొర కాగితమును అంటియుండుటచేత రెంటిని వేరుచేసి తిరిగి వాడుట కష్టము. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. పరిశోధకులు ఇట్టి కప్పులలో 85 నుండి 90 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల 100 మిల్లీలీటర్ల నీటిని 15 నిమిషములుంచి పరీక్షించిరి. ఆ నీటిలో సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణములు చేరినట్లు వారు కనుగొనిరి.

నీటి లెక్క

"కడుగుటకు నీరెక్కడిది?" అను ప్రశ్న మన ప్రాంతమున న్యాయమైనదే. లెక్క చూతము. త్రాగిన వెంటనే 100 మిల్లీలీటర్ల చొప్పున రెండుమార్లు తొలచినచో 200 మిల్లీలీటర్లు ఖర్చగును. దినమునకు రెండు టీలైనచో 400 మిల్లీలీటర్లు. నెలకు 12 లీటర్లు, అనగా ఒక బకెట్టు లోపు. కాగితము తయారుచేయుటకును నీరు కావలెను. అది ఎక్కడనో మిల్లులో ఖర్చగుటచేత మన కంటికి కనబడదు.

శక్తి లెక్కయు చూడవలెను. కెనడా దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు మార్టిన్ హాకింగ్ 1994లో ప్రకటించిన గణన ప్రకారము, ఒక పింగాణి కప్పు తయారీకిని, కడుగుటకును పట్టు శక్తి కాగితపు కప్పుల శక్తితో సరితూగుటకు దానిని 39 మార్లు వాడవలెను. గాజు గ్లాసునైనచో 15 మార్లు. ఆ గణనలో కప్పులను వేడినీటి యంత్రములలో కడుగుదురు. మనము చన్నీటితో చేతితో కడిగినచో కడుగుటకగు శక్తి మిక్కిలి తగ్గును. ఈ అంకెలు మడత గ్లాసుకు అట్లే వర్తింపవు గాని, వానినుండి తెలియు సూత్రము మాత్రము ఒక్కటే: పలుమార్లు వాడినగాని మేలు లేదు. ముచ్చటపడి కొని అలమారలో దాచిన గ్లాసు కాగితపు కప్పు కంటె ఎక్కువ వ్యర్థము.

ఉక్కు చట్రముల గ్లాసు

మడత గ్లాసులలో ముఖ్యమైనవి రెండు రకములు. మొదటిది ఉక్కుది. దీనిలో నాలుగైదు కట్లుండును. ప్రతి కట్టు పైభాగమున కొంచెము వెడల్పుగను, క్రింద సన్నముగను ఉండును. పైకి లాగినప్పుడు ఒక కట్టు అంచు వేరొకదానిలో మేకువలె బిగియును. ఆ బిగువే నీటిని ఆపును. పైనుండి నొక్కినచో బిగువు వీడి గ్లాసు కూలును. కావున నిండు గ్లాసును అంచు పట్టుకొని బల్లపై నొక్కరాదు.

దీని పెద్దలోపము కీళ్ళలో నున్నది. పాలలోని క్రొవ్వు, మాంసకృత్తులు, చక్కెర ఆ సందులలో చేరును. సూక్ష్మజీవులలో పెక్కు 37 డిగ్రీల వేడి వద్ద మిక్కిలి త్వరగా వృద్ధి చెందును. మన వేసవిలో సంచిలోపలి వేడి దానికి తీసిపోదు. కావున ఈ గ్లాసు మంచినీటికి తగినది. పాలు కలిసిన కాఫీ, టీలకు తగదు.

ఉక్కు నాణ్యతను అయస్కాంతముతో తేల్చవచ్చునని కొందరందురు. ఇది సగము నిజము. 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు గల మంచి ఉక్కు సాధారణముగా అయస్కాంతమునకు అంటదు. కాని నికెలు తగ్గించి మాంగనీసు చేర్చిన చౌక ఉక్కును అంటదు. కావున వస్తువుపై ముద్రించిన 304 అను గుర్తును చూచి, నమ్మకమైన అంగడిలో కొనుటయే మేలు.

సిలికోను గ్లాసు

రెండవది సిలికోనుతో చేసినది. తుంగభద్ర ఇసుకలో సిలికాను, ఆక్సిజను పరమాణువులు ఎట్లు బంధింపబడియున్నవో, సిలికోను గొలుసులోను అట్లే ఒకదాని తరువాత నొకటి వచ్చును. ప్రక్కలను మాత్రము కర్బన సమూహములుండును. ఈ గట్టి బంధమువలన అది వేడికి ఓర్చుకొనును. మంచి సిలికోను 200 డిగ్రీల వరకు చెడదు; కావున దానిని నీటిలో మరగించి శుభ్రపరుపవచ్చును. ఇట్టి పదార్థములకు సిలికోను అను పేరు పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ కిపింగ్. చౌకగా తయారుచేయు మార్గమును 1940లో అమెరికాలో యూజీన్ రోకో కనుగొనెను.

ఈ గ్లాసు మడతపడు విధము చూడదగినది. దాని గోడలో మందమైన పట్టీల నడుమ పలుచని గీతలుండును. నొక్కినప్పుడు గోడ కొంతవరకు ఎదిరించి, ఆపై ఒక్కసారిగా లోనికి ముడుచుకొనును. గాలికి గొడుగు వెనుకకు తిరుగుటయు ఇట్టిదే. విచ్చిన స్థితి, ముడిచిన స్థితి రెండును స్థిరమైనవి. నడిమి స్థితి అస్థిరము. కొనునప్పుడు గ్లాసును విప్పి, నీరు నింపి, ప్రక్కల మెల్లగా పట్టుకొని చూడవలెను. పట్టినంతనే ముడుచుకొనునది పనికిరాదు.

వేడి, వ్రేళ్ళు, పెదవులు

ఉక్కు ఉష్ణవాహకత సిలికోను కంటె సుమారు 80 రెట్లు ఎక్కువ. అందుచేత ఉక్కు గ్లాసు అంచు పెదవిని కాల్చును. సిలికోను గోడ వెలుపలి భాగము కూడ కొంతసేపటికి బాగుగనే వేడెక్కును. కాని వ్రేలికి ఉష్ణము మెల్లగా చేరుటచేత అంత చురుక్కు మనదు. అయినను పొగలుగ్రక్కు టీకి పైన పట్టీ గల గ్లాసే మేలు.

ఉక్కు గ్లాసు టీని వెంటనే చల్లార్చునన్న అభిప్రాయమును విద్యార్థులు లెక్కతో పరీక్షింపవచ్చును. గ్లాసు బరువు 60 గ్రాములు, ఉక్కు విశిష్టోష్ణము 0.12, గ్లాసు వేడి 35 డిగ్రీలు. టీ 100 గ్రాములు, దాని వేడి 85 డిగ్రీలు అనుకొందము. టీ విశిష్టోష్ణమును నీటివలె 1 గా తీసికొన్నచో, రెండును సమస్థితికి వచ్చునప్పటి వేడి సుమారు 81.6 డిగ్రీలు. తరుగు మూడున్నర డిగ్రీలలోపే. తరువాతి చల్లదనమునకు ముఖ్యకారణములు మూతలేని పైభాగము నుండి జరుగు బాష్పీభవనము, చుట్టునున్న గాలి.

వాసన, సున్నము

సిలికోనుకు రెండు దోషములు కలవు. నూనె స్వభావముగల వాసన పదార్థములు దానిలోనికి ఇంకును. అల్లపు టీ పోసిన గ్లాసులో మరునాడు మంచినీటికిని ఆ వాసన రావచ్చును. పాడైన పిమ్మట అది మట్టిలో త్వరగా కుళ్ళదు. కావున ఏండ్ల తరబడి వాడవలెను.

బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములు నాపరాళ్ళకు, సున్నపురాతికి ప్రసిద్ధి. సున్నపురాతిమీదుగా వచ్చిన భూగర్భజలము కఠినముగ నుండును. అట్టి నీటితో కడిగిన గ్లాసుపై తెల్లని కాల్షియం కార్బనేటు పొర ఏర్పడును. చింతపండు పులుసునో నిమ్మరసమునో రాచినచో ఆమ్లము ఆ పొరను కరగించును. పిదప మంచినీటితో కడిగి, విప్పియే ఆరబెట్టవలెను. తడిగ్లాసును మడిచి మూయుట మంచిది కాదు.

ఏది ఎన్నుకొనవలెను?

భుజమున సంచి వేసికొని దినదినము పోవు విద్యార్థికిని, ఉపాధ్యాయునికిని ఇంటిలోనున్న చిన్న స్టీలు గ్లాసే అన్నిటికంటె మేలు. దానికి కీళ్ళు లేవు, కొత్తగా కొననక్కరలేదు, ఎన్నో ఏండ్లు నిలుచును. సంచిలో చోటులేనివారు పాల టీకి సిలికోను గ్లాసును, నీటికి మాత్రమే అయినచో ఉక్కు చట్రముల గ్లాసును తీసికొనవచ్చును. కొలతను కూడ చూడవలెను: మన అంగడి టీ 100 మిల్లీలీటర్లకు మించదు; పెద్దగ్లాసు బరువు, కడుగు నీరు రెండును దండుగ.

పాఠశాలలో ఒక తరగతివారు వారము దినములు తాము, తమ ఇంటివారు వాడి పారవేసిన కప్పులను లెక్కించి నల్లబల్లపై వ్రాసి, మరుసటి వారము తమ గ్లాసులతో గడిపి మరల లెక్కించినచో, ఈ వ్యాసములోని సంగతులు వారికి తమ అంకెలతోనే బోధపడును.