అమెరికాలో కిటికీల పన్ను రాయితీ

ఇంటి పాత కిటికీలను తీసివేసి, వాటి స్థానంలో ఇంధనాన్ని ఆదా చేసే కొత్త కిటికీలను అమర్చుకొన్న గృహస్థులకు అమెరికా సంయుక్త రాష్ట్రాల ఫెడరల్ ప్రభుత్వం ఆదాయపు పన్నులో ఇచ్చిన తగ్గింపును కిటికీల పన్ను రాయితీ అంటారు. 2005లో చేసిన ఇంధన విధాన చట్టం దీనికి మూలం. 2006లో అమలులోకి వచ్చిన ఈ రాయితీ 2008లో ఆగి, తరువాత పలుమార్లు పొడిగించబడి, 2025 డిసెంబరు 31తో ముగిసింది. మంచు కురిసే మిన్నెసోటాకు, ఎండలు మండే ఫ్లోరిడాకు ఒకే రకం కిటికీ మేలు చేస్తుందా అనే ప్రశ్న దీని చరిత్రలో ప్రధానమైనది.

కిటికీని కొలిచే విధానం

కిటికీ గుండా వేడి ప్రసరించే తీరును రెండు సంఖ్యలు తెలుపుతాయి. 1989లో ఏర్పడిన నేషనల్ ఫెనెస్ట్రేషన్ రేటింగ్ కౌన్సిల్ ధ్రువీకరించిన కిటికీలకు అంటించే చీటీపై ఈ రెండూ ఉంటాయి.

* యు-ఫ్యాక్టర్: ఇంటి లోపల, వెలుపల ఉష్ణోగ్రతలు వేరుగా ఉన్నపుడు అద్దం, చట్రం గుండా వేడి ఎంత త్వరగా దాటిపోతుందో తెలిపే సంఖ్య. ఇది ఎంత తక్కువైతే కిటికీ అంత మంచిది. అమెరికా కొలమానంలో ఒంటి పలక అద్దానికి ఇది సుమారు 1, సాధారణ జంట పలకలకు సుమారు 0.5. పలకల మధ్య ఆర్గాన్ వాయువు నింపి, అద్దానికి కంటికి కనబడని పలుచని లోహపు పూత వేస్తే 0.3కు దగ్గరగా వస్తుంది.
* సౌర ఉష్ణ గ్రహణ గుణకం: కిటికీపై పడిన సౌరశక్తిలో ఎంత భాగం వేడిగా లోపలికి చేరుతుందో తెలిపే సంఖ్య. 0.25 అనగా నాలుగో వంతు. ఇది ఎంత ఉండాలన్నది ఊరి వాతావరణాన్ని బట్టి మారుతుంది. వేసవి తీవ్రంగా ఉండేచోట తక్కువగా ఉంటే ఏసీ ఖర్చు తగ్గుతుంది. శీతాకాలం దీర్ఘంగా ఉండేచోట ఎక్కువగా ఉంటే ఎండ వేడి ఉచితంగా ఇంట్లోకి వస్తుంది.

వాతావరణ మండలాలు

ప్రభుత్వ ఎనర్జీ స్టార్ పథకం దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించింది. 2023 అక్టోబరులో అమలులోకి వచ్చిన కిటికీల ప్రమాణాలు ఇవి:

* ఉత్తరం: యు-ఫ్యాక్టర్ 0.22కు మించరాదు; సౌర గుణకం కనీసం 0.17
* ఉత్తర-మధ్యం: 0.25కు మించరాదు, గుణకం 0.40కు మించరాదు
* దక్షిణ-మధ్యం: 0.28కు మించరాదు, గుణకం 0.23కు మించరాదు
* దక్షిణం: 0.32కు మించరాదు, గుణకం 0.23కు మించరాదు

సౌర గుణకానికి ఉత్తరాన కనీస పరిమితి, మిగిలిన మూడు మండలాలలో గరిష్ఠ పరిమితి ఉండడం గమనించదగినది. అంతేకాక, ఉత్తర మండలంలో గుణకం 0.40 లేదా అంతకు మించి ఉంటే యు-ఫ్యాక్టర్ 0.26 వరకు అనుమతిస్తారు. లోపలికి వచ్చే ఎండ, బయటికి పోయే వేడిని కొంత భర్తీ చేస్తుందన్నది దీని భావం.

చట్టాలలో మార్పులు

మొదటి చట్టం ప్రకారం కొన్న వెలలో 10 శాతం, కిటికీలన్నింటికీ కలిపి గరిష్ఠంగా 200 డాలర్లు లభించేది. ఆర్థిక మాంద్యం నేపథ్యంలో 2009లో చేసిన రికవరీ చట్టం దీనిని 30 శాతానికి పెంచి, ఇంటి ఇతర మెరుగుదలలతో కలిపి 2009, 2010 సంవత్సరాలకు 1,500 డాలర్ల పరిమితి విధించింది. అయితే యు-ఫ్యాక్టర్, సౌర గుణకం రెండూ 0.30కు మించరాదని దేశమంతటికీ ఒకే నిబంధన పెట్టింది. దీనివలన చలి ప్రాంతాలలో ఎండను ఎక్కువగా రానిచ్చే మంచి కిటికీలు రాయితీకి దూరమయ్యాయి. రాయితీ కోరిన గృహస్థుడు శీతాకాలపు ఎండను వదులుకోవలసి వచ్చింది.

2011 నుండి రాయితీ మళ్ళీ 10 శాతానికి, 200 డాలర్లకు తగ్గినా, అర్హతను మండలాల వారీ ఎనర్జీ స్టార్ ప్రమాణాలతో ముడిపెట్టారు. 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం 2023 నుండి దీనిని 30 శాతానికి, కిటికీలకు ఏడాదికి 600 డాలర్లకు పెంచింది. ఎనర్జీ స్టార్‌లోనే అత్యుత్తమ శ్రేణి కిటికీలకు మాత్రమే అర్హత కల్పించింది. 2032 వరకు సాగవలసిన ఈ రాయితీని 2025 జులై 4న ఆమోదం పొందిన చట్టం ముందుగానే ముగించింది.

ఉదాహరణ

ఒక గృహస్థుడు 6,000 డాలర్ల కిటికీలు కొన్నాడనుకొందాం. 2007లో 10 శాతం లెక్కన 600 డాలర్లు రావలసి ఉన్నా, పరిమితి వలన 200 మాత్రమే వచ్చేది. 2024లో 30 శాతం లెక్కన 1,800కు బదులు 600 వచ్చేది. అమర్చే కూలి ఈ లెక్కలో చేరదు.

పరిమితులు

ఇది ఆదాయం నుండి చేసే మినహాయింపు కాదు. లెక్క తేలిన పన్ను నుండి నేరుగా తగ్గించే మొత్తం. పన్ను కంటే రాయితీ ఎక్కువైతే మిగిలినది తిరిగి చెల్లించరు, మరుసటి ఏడాదికి బదలాయించరు. అందువలన పన్ను కట్టనవసరం లేని అల్పాదాయ కుటుంబాలకు దీనివలన ప్రయోజనం కలుగలేదు. పాత, గాలి చొరబడే కిటికీలు ఎక్కువగా ఉండేది తరచు అటువంటి వారి ఇళ్ళలోనే. అద్దె ఇంట్లో ఉండేవారికి కిటికీల రాయితీ వర్తించలేదు.