3.4 పనిలోనే దొరికే ఆనందం: లాటే కాఫీపై బొమ్మ

జీతం, బోనస్, పదోన్నతి వంటి బాహ్య ప్రేరకాల గురించి ముందు భాగంలో చదివారు. అయితే ఎవరూ అదనంగా ఏమీ ఇవ్వకపోయినా కొన్ని పనులను మనుషులు శ్రద్ధగా, ఇష్టంగా చేస్తారు. పనిలో నుంచే పుట్టే ఈ ఉత్సాహాన్ని అంతర్గత ప్రేరణ అంటారు. దీనిని అర్థం చేసుకోవడానికి కాఫీ దుకాణంలో ఎస్‌ప్రెస్సో యంత్రం దగ్గర పనిచేసే బరిస్టాను ఉదాహరణగా తీసుకుందాం. లాటే కాఫీపై పాలనురుగుతో హృదయమో, ఆకో ఏర్పడేలా పోయడాన్ని లాటే ఆర్ట్ అంటారు. అమెరికాలోని సియాటిల్ నగరంలో కాఫీ దుకాణం నడిపిన డేవిడ్ షోమర్ 1990ల తొలి సంవత్సరాలలో దీనికి ప్రాచుర్యం తెచ్చాడు. బొమ్మ వేసినందుకు బిల్లు పెరగదు. మరి బరిస్టా ఎందుకు శ్రమపడతారు?

ముందు పని ఎలా జరుగుతుందో చూడండి. సుమారు 9 బార్ల పీడనంతో వేడినీటిని మెత్తని కాఫీపొడి గుండా పంపితే 25–30 సెకన్లలో చిక్కని ఎస్‌ప్రెస్సో దిగుతుంది. పొడిలోని కార్బన్ డయాక్సైడ్ సన్నని బుడగలుగా పైకి చేరడం వల్ల దానిపై గోధుమరంగు పొర ఏర్పడుతుంది. దీని పేరు క్రెమా. బొమ్మకు కాగితం ఇదే. తెల్లరంగు పాలనురుగు. చల్లని పాల ఉపరితలం దగ్గర ఆవిరిగొట్టం కొనను ఉంచి మొదటి కొద్ది సెకన్లు గాలి చేర్చాలి. తర్వాత కొనను కాస్త లోపలికి దించి పాలు సుడి తిరిగేలా చేయాలి. అప్పుడు పెద్ద బుడగలు చితికి, కంటికి విడివిడిగా కనిపించనంత చిన్నవవుతాయి. పాలలోని ప్రోటీన్లు వాటి చుట్టూ పొరగా చేరి పగలకుండా నిలుపుతాయి. 60–65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపాలి. 70 దాటితే నురుగు గరుకవుతుంది, కాగిన పాల వాసన వస్తుంది. అనుభవజ్ఞులు పాత్రకు అరచెయ్యి ఆనించి, ఆవిరి శబ్దం విని ఆపుతారు.

మన ఫిల్టర్ కాఫీని గ్లాసు, డబరాల మధ్య ఎత్తు నుంచి తిరగబోసినా నురుగు వస్తుంది కదా, దానిపై బొమ్మ ఎందుకు వేయలేం? ఆ బుడగలు పెద్దవి, త్వరగా పగిలిపోతాయి. పైగా పీడనం లేదు కనుక క్రెమా కూడా ఉండదు.

అసలు నేర్పు పోయడంలో ఉంది. ఎత్తు నుంచి సన్నని ధారగా పోస్తే పాలు క్రెమా కిందికి జారిపోతాయి. కప్పు సగానికి పైగా నిండాక పాత్ర మూతిని ఉపరితలానికి బాగా దగ్గరగా తెచ్చి ధార పెంచితే తెల్లని నురుగు పైనే తేలుతుంది. ఒకేచోట పోసి చివర ధారను నిలువుగా లాగితే హృదయం, చేతిని అటూ ఇటూ ఊపుతూ వెనక్కి జరిపి లాగితే ఆకు. ఇదంతా కొద్ది సెకన్లలో అయిపోవాలి. తప్పు జరిగితే దిద్దుకునే వీలు లేదు. బాగా వచ్చినా మరుక్షణం దాన్ని తాగేస్తారు. వాకిట్లో ముగ్గు వేసేవారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు.

రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ 1970లలో రూపొందించిన ఉద్యోగ లక్షణాల నమూనా ఈ ఆనందాన్ని వివరించడానికి ఉపకరిస్తుంది. నైపుణ్య వైవిధ్యం, పని సంపూర్ణత, పని ప్రాముఖ్యం, స్వేచ్ఛ, ప్రతిపుష్టి అనే ఐదు లక్షణాలను వారు గుర్తించారు. లాటే ఆర్ట్‌లో అన్నిటికంటే బలంగా కనిపించేది చివరిది. పాలు ఎక్కువ కాగాయా, చెయ్యి వణికిందా అన్నది యజమాని చెప్పకముందే కప్పు చెప్పేస్తుంది. తర్వాతి కప్పులో సరిచేసుకోవచ్చు. సంపూర్ణత కూడా ఉంది: పొడి మర దగ్గర నుంచి చివరి ధార వరకు ఒక్కరి చేతి పనే. ప్రాముఖ్యం విషయంలో మాత్రం అతిగా చెప్పకూడదు. బొమ్మ వచ్చిందంటే పాలు సరిగా తయారయ్యాయని అర్థం. కాఫీ రుచిగా ఉందని కాదు.

ఇక స్వేచ్ఛ. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఖాళీగా ఉన్న మధ్యాహ్నం ఇష్టంతో వేసిన ఆకు వేరు, కౌంటరు ముందు పదిమంది నిలబడి ఉండగా ప్రతి కప్పుపై హృదయం ఉండి తీరాలన్న ఆదేశంతో వేసినది వేరు. చేతి కదలిక ఒకటే అయినా రెండో సందర్భంలో అది లెక్క చూపవలసిన పనిగా మారుతుంది. విమాన సహాయకుల చిరునవ్వు కూడా ఉద్యోగంలో భాగమై అమ్ముడుపోతుందని సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే రాశారు. దానిని ఆమె భావోద్వేగ శ్రమ అన్నారు. బరిస్టా ఆనందాన్ని చూపించి తక్కువ జీతాన్ని సమర్థించే వాదన కూడా వినిపిస్తూ ఉంటుంది. అంతర్గత ప్రేరణ జీతానికి ప్రత్యామ్నాయమని ఈ నమూనా ఎక్కడా చెప్పలేదు. పరీక్షలో అలా రాయకండి.

కృత్యం: మీరు రోజూ చేసే ఒక పనిని, ఇంటిపని అయినా సరే, ఎంచుకోండి. పై ఐదు లక్షణాలలో అందులో ఏవి ఉన్నాయో, ఏవి లేవో పది వాక్యాలలో రాయండి. లేని లక్షణానికి కారణం ఆ పని స్వభావమా, దాన్ని చేయించే పద్ధతా అన్నది కూడా పేర్కొనండి.